మైనస్ గుర్తు

సౌండు పెంచమంటే స్టేషను మారుస్తుంది.
తగ్గించమంటే అసలు పలకదు.
చక్రం తిన్నగా ఉంటే ఒక మాట,
మలుపులో ఇంకో మాట.
మూడు వారాలుగా ఈ కారుతో నా కాపురం
చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది.

బాలరాట్‌లో జూలై.
అద్దం మీద మంచు గీకడానికి
లైబ్రరీ కార్డు పనికొస్తుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.
నాలుగున్నరకి బ్రెడ్డు ఫ్యాక్టరీలో షిఫ్టు.
ఉన్ని గ్లవ్సు వేసుకున్న వేలితో
కొత్త స్టీరియో గాజుతెర నొక్కితే
నేను మనిషినని దానికి నమ్మకం కుదరదు.
అందుకే స్టీరింగు మీది బటన్లు కావాలి నాకు.
సరదాకి కాదు.

స్టీరియో కొత్తది, నూట ఎనభై డాలర్లు.
కారు పాతది, పోయినేడు చనిపోయిన ఒకావిడది.
వాళ్ళబ్బాయి తాళాలిస్తూ
"అమ్మ మెల్లగా నడిపేది" అన్నాడు.
ఇంకేదో అనబోయి, టైర్ల గురించి చెప్పాడు.

ఆదివారం పక్కింటి క్లెమ్ వచ్చాడు.
రైల్వే సిగ్నళ్ళ దగ్గర ముప్పై ఏళ్ళు చేసిన చేతులు,
ఒక మల్టీమీటరు, ఒక మొండి వెన్న కత్తి.
డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కుని పనసతొన ఒలిచినట్టు ఒలిచి
లోపలి తీగలు నా ఒళ్ళో పోశాడు.

"ఇన్ని బటన్లకీ ఒకటే తీగ, చూడు.
ఒక్కో బటను ఒక్కో కొలతలో అడ్డుపడుతుంది.
ఎంత అడ్డుపడిందన్నదే దాని మాట."

పెంచు: మూడొందల ముప్పై ఓములు.
తగ్గించు: వెయ్యికి రెండు తక్కువ.
తర్వాతి పాట: దాదాపు సున్నా, అడ్డే లేదు.
పెన్సిలు లేక కనుబొమల పెన్సిల్‌తో
కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.

మా ఆయన కూడా అంతే.
ఉన్నది ఒకటే "ఊఁ".
ఎంత ఆలస్యంగా అన్నాడో చూసి
అర్థం మనమే కట్టుకోవాలి.

చక్రం తిప్పమన్నాడు క్లెమ్. తిప్పాను.
మూడొందల ముప్పై కాస్తా
నాలుగొందల పది అయి కూర్చుంది.
"ఎర్త్ అందట్లేదు దీనికి."
నల్ల తీగ చివర, ఎవరో ఎప్పుడో
రంగు వేసిన రేకు మీదే స్క్రూ బిగించేశారు.
రంగు మీద బిగిస్తే
ఎంత బిగించినా వదులే.
వెన్న కత్తితో గీకాను,
లోపలి ఇనుము తళుక్కుమనేదాకా,
గోరు చివర చిట్లేదాకా.

ఇక కొత్తదానికి పాతవాటి పేర్లు నేర్పాలి.
బటన్ని నొక్కి పట్టుకో, అది కీచుమంటుంది, వదులు.
తర్వాతిది.
పెంచు దగ్గర బొటనవేలికి ప్లస్ గుర్తు గరుగ్గా తగిలింది,
ఫ్యాక్టరీలో నిన్ననే అచ్చు గుద్దినట్టు.
తగ్గించు దగ్గర ఏమీ తగల్లేదు.
మైనస్ లేదు.
అరిగిపోయి, చింతగింజలా నున్నగా,
నడుమ చిన్న గుంట.

పక్క సీటు బెల్టు అంచు కూడా
పీచులు పీచులుగా లేచి ఉంది.

ఎవరి కోసం తగ్గించేదో ఆవిడ.
క్లెమ్‌ని అడిగాను.
తలుపు రబ్బరు సర్దుతూ వినిపించుకోలేదు, లేదా విన్నాడు.

సోమవారం. ఇంకా చీకటి.
ప్లస్ నొక్కాను, పెరిగింది.
రౌండెబౌట్‌లో చక్రం నిండా తిప్పుతూ నొక్కాను,
పెరిగింది. మళ్ళీ నొక్కాను,
ఊళ్ళో ఎవరూ లేవనట్టు.
గ్లవ్సులోపల వేలు నవ్వుకుంది.

పెట్రోలు బంకు దగ్గర అడుత్ ఎక్కింది,
ఓవెన్ల సెక్షన్లో నా పక్క మెషీను.
బెల్టు లాక్కుంటూ,
"నిన్న రాత్రి మా చిన్నోడు ఏం చేశాడో తెలుసా..."

నేను విన్నది ఆ తర్వాతే.
అప్పటికే బొటనవేలు
ఆ గుంటలో ఉంది.